నియాన్ ఆర్పేశాక: ఏది సైబర్‌పంక్ సినిమా, ఏది కాదు

సైబర్‌పంక్ అంటే, స్థూలంగా, యంత్రాలు బాగా పెరిగి బతుకులు దిగజారిన భవిష్యత్తును చూపే కథలు. అలాంటి సినిమాల జాబితా ఎవరు వేసినా మొదట రాసే పేరు ‘బ్లేడ్ రన్నర్’. రిడ్లీ స్కాట్ తీసిన ఆ సినిమా 1982 జూన్‌లో విడుదలైంది. ‘సైబర్‌పంక్’ అన్న మాట అచ్చులో కనిపించింది 1983 నవంబరులో, ‘అమేజింగ్ స్టోరీస్’ అనే అమెరికన్ పత్రికలో బ్రూస్ బెత్కీ రాసిన కథకు పేరుగా. మరుసటి ఏడాది చివర్లో గార్డ్‌నర్ డోజోయ్ అనే సంపాదకుడు వాషింగ్టన్ పోస్ట్‌లో వాడాక అది ఒక సాహిత్య ధోరణికి పేరుగా నిలబడింది. అంటే సినిమా వచ్చేనాటికి ఆ జానర్‌కు పేరే లేదు. అప్పుడు ‘న్యూరోమాన్సర్’ నవల రాస్తూ ఉన్న విలియం గిబ్సన్ ఆ సినిమాకు వెళ్లి మధ్యలోనే లేచి వచ్చేశాడు. తన బుర్రలో ఉన్న ఊరు తెర మీద కనిపించేసరికి, తన నవలను చూసి సినిమా నుంచి ఎత్తాడంటారేమోనని భయపడ్డానని తర్వాత తనే చెప్పుకున్నాడు.

ఇంకో విచిత్రం ఉంది. ఈ జానర్‌కు మూలపురుషుడి లాంటి ఆ సినిమాలో హ్యాకర్ లేడు. నెట్‌వర్క్ లేదు. కంప్యూటర్ లోపలి లోకం అసలే లేదు. హీరో మాటతో ఆదేశాలిస్తూ ఒక ఫొటోను దగ్గరకు లాగి చూసే యంత్రం ఒకటుంది, అంతే. కాబట్టి సైబర్‌పంక్ అంటే హ్యాకర్ల సినిమా అనే నిర్వచనం మొదటి మెట్టు మీదే కాలుజారుతుంది. పోనీ నియాన్ లైట్లు, వాన, పొగ, ఆకాశహర్మ్యాలు అంటే సరిపోతుందా? అది ‘రోబోకాప్’ దగ్గర ఆగిపోతుంది. ఆ సినిమాలో చాలా భాగం పట్టపగలు, బోర్డు రూముల్లో, పాడుబడ్డ ఉక్కు ఫ్యాక్టరీలో జరుగుతుంది. అయినా దాన్ని ఈ జానర్ నుంచి తీసేయడానికి తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోరు.

మిగిలింది అందరూ వల్లించే ‘హై టెక్, లో లైఫ్’. 1986లో గిబ్సన్ కథల సంపుటికి బ్రూస్ స్టెర్లింగ్ రాసిన ముందుమాటలో కనిపించే జంట ఇది. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ కొలతగా మరీ వదులు. పైన మెరిసే యంత్రాలు, కింద మురికివాడ ఉంటే చాలనుకుంటే భవిష్యత్తు మీద వచ్చిన సినిమాల్లో సగం లోపలికి దూరిపోతాయి.

పనికొచ్చే కొలత వేరే ఉంది. టెక్నాలజీ మనిషి చర్మం దాటి లోపలికి వెళ్లిందా అన్నది మొదట చూడాలి. వెళ్లి ఉంటే, లోపలికి వెళ్లిన ఆ ముక్క, అది చెయ్యి కావచ్చు, కన్ను కావచ్చు, జ్ఞాపకం కావచ్చు, ఎవరి సొత్తు? ఆ సొత్తుదారు మీదికి అదే పనిముట్టును తిప్పి వాడే అవకాశం కింద ఉన్న మనిషికి దొరికిందా? ఈ మూడింటిలో బరువంతా రెండోదాని మీదే ఉంటుంది. సైబర్‌పంక్ అనిపించుకున్న మంచి సినిమాలన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట ఒక ఆస్తి తగాదా ఉంటుంది. ఆ ఆస్తి హీరో ఒళ్లే.

వాన ఎందుకు కురిసింది

ముందు కంటికి కనిపించేదాన్ని దారిలోంచి తప్పించాలి. ఎక్కువ గందరగోళం అక్కడే ఉంది కాబట్టి.

‘బ్లేడ్ రన్నర్’ వీధి నిజానికి కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో వార్నర్ స్టూడియో వెనక ఉన్న పాత సెట్టు. న్యూయార్క్ వీధిలా కట్టిన ఆ సెట్టులో అంతకుముందే లెక్కలేనన్ని సినిమాలు తీశారు. పగలు తీస్తే సెట్టు ఎక్కడ అయిపోతుందో తెలిసిపోతుంది, అందుకని రాత్రిళ్లు తీశారు. పొగ వేస్తే నాలుగంతస్తుల పైన భవనం లేదన్న సంగతి కప్పబడిపోతుంది. పైగా పొగలో దీపం కిరణం చారలా కనిపించి, ఇరుకు వీధికి లోతు వస్తుంది. రోడ్డు తడిపితే ప్రతి దీపం రెండుగా కనిపిస్తుంది, అంటే సగం దీపాలతో పని జరుగుతుంది. ఈ జానర్‌కు ఇంటిపేరైపోయిన వాన, రాత్రి, పొగ మూడింటి వెనకా ఇలాంటి సెట్టు అవసరాలు ఉన్నాయి.

ఆలోచనతో పెట్టింది మరొకటి ఉంది. డిజైనర్ సిడ్ మీడ్ గీసిన బొమ్మల్లో ఏ భవనమూ కొత్తది కాదు. పాత కట్టడాలకు బయటి నుంచి గొట్టాలు, కేబుళ్లు, గాలి మరలు తగిలించి ఉంటాయి. పడగొట్టి కట్టే ఖర్చు ఎవరూ పెట్టరు, పాడైనచోట అతుకు వేసుకుంటూ పోతారు అన్న ఆర్థిక తర్కం ఆ గోడల మీదే రాసి ఉంటుంది. డబ్బున్నవాళ్లు గ్రహాలు దాటి వెళ్లిపోయిన ఊరు మరి. మొదటి షాట్‌లో మంటలు కక్కే లాస్ ఏంజలెస్ కూడా బల్ల మీది నమూనాయే. ముందు వరస కట్టడాలు పెద్దవిగా, వెనక్కి పోయేకొద్దీ చిన్నవిగా చేశారు. వెనక వరసలు యాసిడ్‌తో చెక్కిన ఇత్తడి రేకులు. కింద నుంచి ఫైబర్ ఆప్టిక్ పోగులతో దీపాలు పెట్టి, గదినిండా పొగ నింపి తీశారు.

ఇప్పటి అనుకరణలు దెబ్బతినేది ఈ తేడా దగ్గరే. కంప్యూటర్‌లో కట్టిన వీధిలో భవనాలన్నీ ఒకే ఈడువి. గులాబీ, నీలం ఎల్‌ఈడీ కాంతి అన్ని మూలల్లో ఒకే మోతాదులో పడుతుంది. వాన కురుస్తుంది గానీ ఎవరూ తడవరు, ఎవరూ విసుక్కోరు. పాత సినిమాలో జనం పట్టుకున్న గొడుగుల కర్రల్లోనే దీపాలుంటాయి. అంటే ఆ వాన ఎన్నేళ్లుగానో కురుస్తోంది, జనం దానికి అలవాటుపడి వస్తువులు చేసుకున్నారు. ఒక సినిమా నిజంగా ఆ లోకాన్ని ఆలోచించిందా, పైపూత వేసిందా తెలుసుకోవాలంటే గోడ మీద కేబుల్ చూస్తే సరి. అది తెగితే ఎవరు బాగుచేస్తారో ఊహించగలిగితే మంచి సెట్టు, లేదంటే వాల్‌పేపర్.

రంగు తీసేసినా ఈ జానర్ బతుకుతుందని చూపించే సినిమాలు ఉన్నాయి. షిన్యా త్సుకమోటో 1989లో 16 ఎంఎం ఫిల్మ్ మీద నలుపు తెలుపుల్లో తీసిన ‘టెట్సువో: ది ఐరన్ మ్యాన్’ నిడివి 67 నిమిషాలు. మామూలు ఆఫీసు ఉద్యోగి ఒళ్లు కొంచెం కొంచెంగా పాత ఇనుప సామానుగా మారిపోవడం తప్ప అందులో కథంటూ పెద్దగా లేదు. నియాన్ లేదు, నగరం చూపే షాట్లు కూడా తక్కువే. కెమెరా ఫ్రేము ఫ్రేముకూ ఆపి, ఇనుప ముక్కలు జరుపుతూ తీసిన ఆ సినిమా చూశాక జపాన్ సైబర్‌పంక్ అనే పాయ వేరుగా ఎందుకుందో అర్థమవుతుంది. రాబర్ట్ లాంగో 1995లో తీసిన ‘జానీ నెమోనిక్’ కూడా మొదట చిన్న బడ్జెట్‌లో నలుపు తెలుపుల్లో అనుకున్నదే. స్టూడియో చేతిలో అది పెద్ద యాక్షన్ సినిమాగా మారింది. 2022లో దాని నలుపు తెలుపు ప్రతిని విడుదల చేశారు. రంగుల్లో చవగ్గా కనిపించిన సెట్లు ఆ ప్రతిలో నిలబడ్డాయి.

ఒళ్లు ఎవరి పేరున ఉంది

పాల్ వెర్‌హోవెన్ ‘రోబోకాప్’ (1987) ఈ కొలతకు పాఠ్యపుస్తకం. డెట్రాయిట్ పోలీసు శాఖను ఓసీపీ అనే కంపెనీ నడుపుతుంటుంది. మర్ఫీ అనే పోలీసును దుండగులు తూట్లు పొడుస్తారు. చనిపోయాడని ధ్రువీకరించాక కంపెనీ అతన్ని యంత్రంగా కడుతుంది. డాక్టర్లు అతని ఒక చెయ్యి కాపాడగలిగామని సంతోషంగా చెబితే, ప్రాజెక్టు అధికారి ఆ చేతిని కూడా తీసేయమంటాడు, అనుకున్నది పూర్తి యంత్ర శరీరం కాబట్టి. అతనికున్న చట్టబద్ధమైన ఆధారం ఒక్కటే: ఉద్యోగంలో చేరేటప్పుడు మర్ఫీ పెట్టిన సంతకాలు. చట్టం దృష్టిలో మర్ఫీ లేడు, మిగిలింది కంపెనీ సామాను.

అతనిలో పెట్టిన ఆదేశాలు నాలుగు. ప్రజల నమ్మకం కాపాడు, అమాయకులను రక్షించు, చట్టం నిలబెట్టు అన్న మూడూ బయటికి కనిపిస్తాయి. నాలుగోది రహస్యం. కంపెనీ పెద్ద అధికారిని అరెస్టు చేయబోతే ఒళ్లు దానంతటదే ఆగిపోతుంది. మర్ఫీకి ఆ సంగతి తెలిసేది నేరస్థుడైన ఉపాధ్యక్షుడి గదిలోకి వెళ్లి, అరెస్టు చేయబోయి కూలిపోయాకే. చివర్లో ఆ చిక్కుముడి విప్పేది తుపాకీ కాదు. కంపెనీ ముసలాయన ఆ అధికారిని అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేస్తాడు. ఉద్యోగం పోగానే నాలుగో ఆదేశం అతనికి వర్తించదు, మర్ఫీ కాల్చగలుగుతాడు. జనం చప్పట్లు కొట్టే ఆ క్షణంలో గమనించాల్సింది ఏమిటంటే, నాలుగో ఆదేశం ఇంకా అలాగే ఉంది. రేపు ముసలాయనే నేరం చేస్తే మర్ఫీ మళ్లీ కూలిపోవాల్సిందే. చెడ్డవాడు పోయాడు, ఒప్పందం పోలేదు.

‘బ్లేడ్ రన్నర్’లోనూ ఇదే తగాదా, మరింత నెమ్మదిగా. రెప్లికాంట్లకు, అంటే తను తయారుచేసిన కృత్రిమ మనుషులకు, కంపెనీ పెట్టిన ఆయువు నాలుగేళ్లు. బతుకు పొడిగించమని అడగడానికి వాళ్లు తయారీదారు దగ్గరికి వెళ్లే దారి చూడండి. ముందు కళ్లు మాత్రమే తయారుచేసే పనివాడు, అతని ద్వారా బొమ్మలు చేసే జన్యు డిజైనర్, అతని ద్వారా యజమాని టైరెల్. విడిభాగాలు సరఫరా చేసేవాళ్ల గొలుసు పట్టుకుని పైకి ఎక్కుతారు. మరోవైపు వాళ్లను వేటాడే హీరో బాత్‌టబ్‌లో దొరికిన పొలుసు ఒకటి పట్టుకుని బజారుకు పోతాడు. వీధిలో కూర్చున్న ఆవిడ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి తయారీదారు నంబరు చదివి, అది కృత్రిమ పాము పొలుసని చెబుతుంది. పొలుసుకు కూడా సీరియల్ నంబరున్న లోకం అది. ఆ నంబరు చదివే యంత్రం బజారు పెద్దమ్మ దగ్గర ఉండటం కూడా గమనించదగ్గదే. ప్రయోగశాలలో పుట్టిన వస్తువుకు వీధి తనకు కావలసిన ఉపయోగం కనిపెట్టుకుంటుందని గిబ్సన్ ఒక కథలో రాసింది ఇలాంటిదాని గురించే.

ఈ సినిమా ఏ ప్రతి చూస్తున్నారన్నది కూడా తేడా తెస్తుంది. 1982 థియేటర్ ప్రతి చివర్లో హీరో, హీరోయిన్ పచ్చటి కొండల మధ్య కారులో పోతుంటారు. రెప్లికాంట్ అయిన ఆమెకు ఆయువు పరిమితి లేదని హీరో గొంతు చెబుతుంది. ఆ కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీసి వాడకుండా మిగిలిన ఫిల్మ్. 1992 ప్రతిలోనూ, దర్శకుడు 2007లో పూర్తి స్వేచ్ఛతో చేసిన ఫైనల్ కట్‌లోనూ అది లేదు. కథ లిఫ్టు తలుపు మూసుకోవడంతో ఆగుతుంది. కంపెనీ పెట్టిన గడువును చివర్లో ఒక్క వాక్యంతో రద్దుచేసిన ప్రతి ఈ జానర్‌లో బలహీనమైన సినిమా. గడువును అలాగే నెత్తిన ఉంచినది బలమైన సినిమా. మొదటిసారి చూసేవాళ్లు 2007 ప్రతి చూడటం మంచిది.

మమోరు ఒషీ 1995లో తీసిన ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ ఈ తగాదాను ప్రభుత్వోద్యోగంలోకి తెచ్చింది. మేజర్ కుసనాగి మెదడులో కొంత భాగం తప్ప ఒళ్లంతా యంత్రమే. పడవ మీద కూర్చుని ఆమె, సహోద్యోగి మాట్లాడుకునేటప్పుడు ఒక మాట వస్తుంది. రాజీనామా చేసే హక్కు మనకుంది, కాకపోతే ఈ ఒళ్లు, ఇందులో ఉన్న జ్ఞాపకాలు తిరిగి అప్పజెప్పాలి అని. సినిమా మధ్యలో మాటల్లేకుండా మూడు నిమిషాల పైచిలుకు సాగే నగర దృశ్యం ఉంది. హాంకాంగ్‌ను నమూనాగా పెట్టుకుని గీసిన కాలువలు, సైన్‌బోర్డులు, తలల మీదుగా పోయే విమానం, వాటి మీద కెంజి కవాయి సంగీతం. చాలామంది దాన్ని అందమైన విరామంగా చూసి వదిలేస్తారు. ఆ మధ్యలో మేజర్ ఒక కిటికీలో అచ్చం తన ముఖమే ఉన్న మరో స్త్రీని చూస్తుంది. ఆమె ఒళ్లు మార్కెట్లో దొరికే మోడల్ అన్నమాట.

అదే సినిమాలో చెత్త లారీ నడిపేవాడి ఘట్టం ఇంకా కఠినమైనది. భార్యతో తగాదా, కూతురి మీద బెంగ అని తోటివాడికి చెప్పుకుంటుంటాడు. పట్టుబడ్డాక తేలేదేమిటంటే అతనికి పెళ్లే కాలేదు, ఒంటరిగా ఒక గదిలో ఉంటున్నాడు, కూతురిదని చూపించిన ఫొటోలో కూతురు లేదు. ఎవడో హ్యాకర్ తన పనికి వాడుకోవడానికి ఆ బతుకంతా లోపల రాశాడు. తీసేయగలరా అని అడిగితే పూర్తిగా తీసేసే పద్ధతి ఇంకా లేదంటారు. ఈ జానర్‌లో హ్యాకింగ్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

‘జానీ నెమోనిక్’ సినిమాగా కుంటుతుంది గానీ లెక్కలో మాత్రం కచ్చితం. తలలో డేటా మోసే కొరియర్, జాగా కోసం చిన్ననాటి జ్ఞాపకాలు తీయించుకున్నాడు. సామర్థ్యం 80 గిగాబైట్లు. రెట్టింపు చేసే పరికరంతో 160. ఎక్కించింది 320. గడువులోగా దించకపోతే మెదడులోకి కారి చస్తాడు. ఇవాళ జేబులో ఫోన్లు మోసే అంకెలు కాబట్టి నవ్వొస్తుంది కానీ, బాల్యాన్ని అమ్మి గోడౌన్ కట్టుకున్న మనిషి అన్న ఊహకు కాలదోషం పట్టలేదు. అతను మోస్తున్నది ఒక జబ్బుకు మందు. మందు అమ్మడం కన్నా జబ్బును నయంకానివ్వకుండా వైద్యం చేస్తూ ఉండటమే లాభమని ఫార్మా కంపెనీ దాచిపెట్టింది.

కీబోర్డు ఉంటే చాలదు

హ్యాకింగ్‌ను సరిగ్గా చూపించిన సినిమా సైబర్‌పంక్ అవుతుందనుకోవడం ఇంకో పొరపాటు. ‘వార్‌గేమ్స్’ (1983)లో కుర్రాడు మోడెమ్‌తో ఒక ఊరి టెలిఫోన్ నంబర్లన్నీ వరసగా డయల్ చేయించి, కంప్యూటర్ పలికిన నంబర్లు రాసి పెట్టుకుంటాడు. ఈ పద్ధతికి తర్వాత స్థిరపడ్డ పేరు వార్‌డయలింగ్ ఆ సినిమా నుంచి వచ్చిందే. అధ్యక్షుడు రీగన్ ఆ సినిమా చూసి, ఇలా నిజంగా జరుగుతుందా అని సైనికాధికారులను అడగడం, 1984లో కంప్యూటర్ భద్రత మీద జాతీయ ఆదేశం రావడం చరిత్ర. ఇంత ప్రభావం ఉన్నా ఆ సినిమా మన గీతకు అవతలే ఉంటుంది. కుర్రాడిది కుదురైన ఇల్లు. యంత్రం అతని ఒంట్లోకి రాలేదు. చివరికి అణుయుద్ధం తప్పి అన్నీ మునుపటిలా సర్దుకుంటాయి. అది ప్రచ్ఛన్నయుద్ధపు థ్రిల్లర్, చాలా మంచి థ్రిల్లర్.

‘ది మ్యాట్రిక్స్ రీలోడెడ్’ (2003)లో ట్రినిటీ అనే హ్యాకర్ కంప్యూటర్ తెర మీద కనిపించేది కూడా నిజంగా ఉన్న సాధనమే. నెట్‌వర్క్‌లో తెరిచి ఉన్న దారులు వెతికే ఎన్‌మ్యాప్ అనే స్కానర్‌తో చూస్తే 22వ పోర్టు, అంటే అలాంటి ఒక దారి, తెరిచి ఉందని తెలుస్తుంది. దూరం నుంచి కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి అక్కడ ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ మొదటి వెర్షన్‌లో 2001లో బయటపడ్డ లోపం వాడి, యంత్రం మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ మారుస్తుంది. భద్రతారంగంలో పనిచేసేవాళ్లు అప్పట్లో ఈలలు వేశారు. అయితే ఆ సీను తీసేసినా సినిమా ఏ జానర్‌దన్న ప్రశ్న ఇసుమంత కదలదు.

మ్యాట్రిక్స్ కేసు వేరుగా చూడాలి. 1999 నాటి మొదటి సినిమాలో తొలి అరగంట నిక్కమైన సైబర్‌పంక్. పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆలస్యంగా వచ్చినందుకు తిట్లు తినే ఉద్యోగి, రాత్రి దొంగ డిస్కులు అమ్మే హ్యాకర్. ఇరుకు గది, ఇంటరాగేషన్‌లో మూసుకుపోయే నోరు, పొట్టలోకి దూరే ట్రాకింగ్ పురుగు. మనిషి ఒళ్లు యంత్రాలకు బ్యాటరీ అని తెలిసేదాకా ఆస్తి తగాదా సాగుతూనే ఉంటుంది. అక్కడి నుంచి కథ అవతారపురుషుడి వైపు మళ్లుతుంది. జోస్యం ఉంది, ఎన్నుకోబడ్డవాడు ఉన్నాడు, మరణం నుంచి లేవడం ఉంది. సైబర్‌పంక్ హీరోకు ప్రత్యేకత ఉండకూడదు. అతని స్థానంలో అలాంటి మరొకణ్ని పెట్టినా కథ నడవాలి, ఎందుకంటే అతను వ్యవస్థ దృష్టిలో ఒక నంబరు. దైవాంశ రాగానే నంబరు పోతుంది. అందుకే మ్యాట్రిక్స్‌ను ఈ జానర్‌లో మొదలై పురాణంలో తేలిన సినిమా అనడం న్యాయం. జనాదరణలో దాన్ని మించినది లేదు గనక, తర్వాతి తరానికి జానర్ అంటే నల్ల కోటు, నల్ల కళ్లద్దాలు అని స్థిరపడిపోయింది.

‘మైనారిటీ రిపోర్ట్’ (2002) సగం లోపల, సగం బయట. గోడల మీద ప్రకటనలు కనుపాపను చదివి పేరుపెట్టి పిలుస్తాయి. పారిపోయిన పోలీసు మురికి గదిలో దొంగ డాక్టరు చేత కళ్లు మార్పించుకుంటాడు. పాత కళ్లు సంచిలో దాచుకుంటే, తర్వాత వాటితోనే ఆఫీసు తలుపులు తెరుచుకుంటాయి. దేశమంతా వెతుకుతున్న మనిషి ప్రవేశ అనుమతిని ఎవరూ రద్దుచేయలేదన్నమాట. 2054లోనూ ఉద్యోగం పోయినవాడి యాక్సెస్ తీసేయడం ఆఫీసు కంప్యూటర్ విభాగం మర్చిపోతుందని అనుకుంటే అది సినిమాలో అన్నిటికన్నా నమ్మదగిన ఘట్టం. కానీ ముగింపులో నేరాలను జరగకముందే జోస్యంతో పసిగట్టే పోలీసు వ్యవస్థను మూసేసి, జోస్యం చెప్పేవాళ్లను ప్రశాంతమైన పల్లెలో పెట్టడంతో బరువు దిగిపోతుంది.

‘గట్టాకా’ (1997) పక్కింటిది. అందులో ఒంట్లోకి వెళ్లింది యంత్రం కాదు, జన్యు వర్గీకరణ. హీరో మరొకడి రక్తం, మూత్రం, వెంట్రుకలు అరువు తెచ్చుకుని, రోజూ తన చర్మపు పొడి రాలకుండా ఒళ్లు రుద్దుకుని ఉద్యోగానికి వెళ్తాడు. పద్ధతి వీధి హ్యాకర్‌దే, కోరిక మాత్రం కంపెనీ మెచ్చే ఉద్యోగి కావడం. టెర్రీ గిలియమ్ ‘బ్రెజిల్’ (1985)లో టెలిప్రింటర్‌లో పురుగు పడి ఒక పేరు ఇంకో పేరుగా మారి అమాయకుడు చస్తాడు. అక్కడి శత్రువు లాభం చూసే కంపెనీ కాదు, ఫైలు తప్ప ఏదీ చూడని దఫ్తరు. దాని వంశం వేరు. ‘ట్రాన్’ (1982) కంప్యూటర్ లోపలికి తీసుకెళ్లిన తొలి పెద్ద సినిమా, అయినా స్వభావం జానపద కథది.

‘అకిరా’ (1988) మీద వాదన ఎప్పటికీ తెగదు. నెట్‌వర్క్ లేదు, శత్రువు సైన్యం, హీరో స్నేహితుడికి వచ్చేది మానసిక శక్తి. అయినా ఈ సినిమా లోపలికే వస్తుంది. బైకు గ్యాంగులో చివరివాడైన ఒక అనాథ కుర్రాడి ఒంటి మీద ఎవరి అనుమతీ లేకుండా ప్రయోగం చేస్తారు. ఆ ఒళ్లు చేతిలోంచి జారి, ఇనుము మింగి, స్టేడియమంతా వ్యాపించి, సొంతదారుకు గానీ కుర్రాడికి గానీ లొంగకుండా పోతుంది. రాత్రి దృశ్యాలు నిండిన ఈ సినిమాలో వాడిన రంగులు 327, వాటిలో 50 దీని కోసమే కలిపినవి. ఆ రాత్రి నగరాన్ని చూసి తర్వాతివాళ్లు కాపీ కొట్టింది బైకును. కాపీ కొట్టాల్సింది ఆసుపత్రి వార్డును.

ఎండలో సైబర్‌పంక్

గీత ఎక్కడుందో బాగా చూపించే సినిమాను ఎక్కువమంది చూడలేదు. అలెక్స్ రివెరా 2008లో తీసిన ‘స్లీప్ డీలర్’. చోటు మెక్సికో. ఊరి నదికి ఒక కంపెనీ ఆనకట్ట కట్టింది, రైతు తన నీళ్లకు తనే డబ్బు కట్టాలి. కెమెరాకు కాపలా తుపాకీ తగిలించి ఉంటుంది. సరిహద్దుకు గోడ కట్టేశారు కాబట్టి కూలీ అవతలికి పోలేడు. అతని చేతులకు, వెన్నుకు లోహపు నోడ్లు గుచ్చి, సరిహద్దు ఊరైన టిహ్వానాలోని హాలులో నిలబెట్టి, తీగలు తగిలిస్తారు. అతను ఇక్కడ చెయ్యి కదిపితే అమెరికాలో కట్టే భవనం మీద రోబో చెయ్యి కదులుతుంది. పని వెళ్తుంది, పనివాడు వెళ్లడు. ఎక్కువ సేపు తగిలించుకుంటే చూపు పోతుంది, కరెంటు ఎగదన్నితే ప్రాణం పోతుంది. ప్రేమించిన అమ్మాయి అతని జ్ఞాపకాలను నెట్‌లో అమ్ముకుంటుంది.

ఇందులో వాన లేదు, ఎండ ఉంది. నియాన్ కొంచెం. మూడు ప్రశ్నలకూ సమాధానం మాత్రం సూటిగా దొరుకుతుంది. చివర్లో ఆనకట్ట పని పట్టేది కూడా అదే తీగలు, అదే డ్రోన్. అమెరికా పగటివేళ కోసం హైదరాబాదులో రాత్రి షిఫ్టు చేసినవాళ్లకు ఈ సినిమా భవిష్యత్తులా అనిపించదు. వీసా రాకపోయినా పని వస్తుందన్న లెక్క వాళ్లకు ముందే తెలుసు.

తెలుగులో ఈ ప్రశ్న నిజంగా లేచింది 2024 జూన్‌లో, నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’తో. విడుదలకు ముందు ప్రచార చిత్రాలు చూసి చాలామంది సైబర్‌పంక్ అన్నారు. ఎండిపోయిన కాశీ, పైన తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, అందులోకి ఎక్కడానికి యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, కూడబెట్టుకునే వేటగాడు భైరవ, అతనితో మాట్లాడే వాహనం బుజ్జి. కంటికి కనిపించే సరంజామా అంతా ఉంది. అయితే వాహనం, వేటగాడు ఎడారి సాహస చిత్రాల సామాను. అసలైన సైబర్‌పంక్ ఈ సినిమాలో ఇంకోచోట ఉంది: ప్రయోగశాలలో. అక్కడ ఆడవాళ్లకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. దీపికా పదుకొణె పాత్రను పిలిచేది సుమ్ 80 అని. ఆమె గర్భం కాంప్లెక్స్ సొత్తు, గర్భంలోంచి తీసే ద్రవం పైన ఉన్న ఒక్కడి ఆయుష్షు కోసం. రోబోకాప్ చెయ్యి తీసేయమన్న అధికారికి ఆ ల్యాబులో ఉద్యోగం తప్పకుండా దొరుకుతుంది.

ఆ గర్భంలో ఉన్నది కల్కి అని తెలిసి అశ్వత్థామ లేచి నిలబడగానే తగాదా తీరు మారుతుంది. ఇక ఆమెను కాపాడేది ఆమె సంఖ్యను మరెవరో చెరపగలగడం కాదు, యుగయుగాల కిందటి శాపం, మాట. మ్యాట్రిక్స్ వెళ్లిన దారే ఇది, ఇంకా నిస్సంకోచంగా వెళ్లింది. మహాభారతాన్ని నిజంగా నమ్మిన సినిమా కాబట్టి అది దాని బలమే. కానీ ఆ ల్యాబులో 79వ నంబరు మనిషి, 81వ నంబరు మనిషి ఉండే ఉంటారు. వాళ్ల కడుపులో దేవుడు లేడు. వాళ్లు ఎలా బయటపడతారన్నది చెప్పే సినిమా ఎవరైనా తీస్తే, అందులో ఒక్క నియాన్ దీపం లేకపోయినా, దాన్ని సైబర్‌పంక్ అనడానికి ఎవరూ సందేహించనక్కర్లేదు.